బరువు, బాట, బండి

దేశచరిత్ర చదివేటప్పుడు మనకు కోటలు కనబడతవి, కొలువులు కనబడతవి, యుద్ధాలు కనబడతవి. కోటకు రాయి ఏ దారిని వచ్చినదో, యుద్ధానికి ఫిరంగిని ఎవరు లాగినారో ఆ పుటలలో అరుదుగా గాని కనబడదు. అయినను బరువును ఒకచోట నుండి మరొకచోటికి చేర్చే పని ఆగిపోతే రాజ్యం ఒక్క నెల నిలువదు. ఆ పనికి కూడా ఒక చరిత్ర ఉన్నది. ఈ ప్రసంగంలో దానిని కొంతవరకు తెలుసుకుందాము.

హైదరాబాదుకు పడమట సుమారు నూరు కిలోమీటర్ల దూరాన ఎర్రమట్టి నేలలపై వెలసిన పట్టణం జహీరాబాదు. అది నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. 2016 వరకు మెదక్ జిల్లాలో ఉండేది. ఈ ఊరిమీదుగా పోయే రహదారి పూనా నగరంలో బయలుదేరి, షోలాపురం, జహీరాబాదు, హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడ దాటి, మచిలీపట్నం దగ్గర సముద్రతీరాన్ని చేరుకుంటుంది. దీనిని చాలాకాలం తొమ్మిదవ నంబరు జాతీయ రహదారి అనేవారు. 2010లో నంబర్లు మార్చిన తరువాత అరవైఐదవ నంబరైనది. దక్కను పీఠభూమిని తూర్పు తీరంతో ముడివేసే తాడు వంటిది ఈ బాట. గోలకొండ సుల్తానుల కాలంలో వారి రేవుపట్టణం మచిలీపట్నం. పడమటి వైపున బీదరు, గుల్బర్గా, బిజాపురం. జహీరాబాదు నుండి బీదరు ముప్పది కిలోమీటర్లే. అందుచేత ఈ సీమ ఏనాటినుండో బరువులు ఎక్కి దిగే సీమ.

ఇక మన ప్రశ్న. దారి ఇరుకు, మలుపులు అనేకం. పోవలసిన బరువు మాత్రం దారికన్న పెద్దది. అప్పుడు ఏది మారాలి? బరువు మారాలా, బాట మారాలా, బండి మారాలా? మన పూర్వులు మొదలుకొని నేటి ఇంజనీర్ల వరకు ఈ మూడు సమాధానాలు తప్ప నాలుగవదానిని కనుగొన్నవారు లేరు.

మొదటి సమాధానం బరువును పంచుట. పదిహేడవ శతాబ్దంలో ఈ దేశంలో పలుమార్లు తిరిగిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే తన యాత్రాగ్రంథంలో మన దారుల స్థితిని వివరంగా రాశాడు. గోలకొండ నుండి దక్షిణంగా పోయే బాటలలో చక్రాల బండ్లు అరుదనీ, సరుకంతా ఎద్దుల వీపుల మీదనే పోతుందనీ ఆయన చెప్పిన మాట. బియ్యం, ధాన్యం, ఉప్పు మోసుకొని పదివేలు, పన్నెండువేల ఎద్దులు ఒక్క గుంపుగా కదలడం ఆయన చూశాడు. ఇరుకు దారిలో అటువంటి గుంపు ఎదురైతే, అది పూర్తిగా దాటిపోయే వరకు బాటసారులు ఒక్కొక్కప్పుడు రెండు మూడు రోజులు ఆగవలసి వచ్చేదట. నేడు రహదారి మీద అరగంట ఆలస్యమైతే చిరాకు పడే మనకు ఈ మాట ఆశ్చర్యం కలిగించక మానదు.

ఆ ఎద్దుల గుంపులను నడిపినవారు బంజారాలు. వారినే మనం లంబాడీలంటాము. మొగలు సేనలకు తిండిగింజలు చేరవేసినవారు వారే. కరువుకాలంలో ఒక సీమ ధాన్యాన్ని మరొక సీమకు తెచ్చినవారు కూడా వారే. ఆ పద్ధతిలోని సూక్ష్మం గమనించదగినది. ఒక్క ఎద్దు మోసేది కొద్ది బరువే. కాని దానికి బాట అక్కరలేదు, కాలిజాడ చాలును. మలుపులు దానికి అడ్డం కావు. కొండవాలు కూడా అడ్డం కాదు. ఒక్క ఎద్దు పడిపోయినా మిగిలిన బరువుకు భంగం లేదు. రైళ్లు, మంచి రోడ్లు వచ్చిన తరువాత ఆ వృత్తి క్షీణించినది. సంచారం మాని స్థిరపడిన వారి తండాలు జహీరాబాదు చుట్టుపక్కల నేటికీ అనేకం ఉన్నవి.

పంచడానికి వీలులేని బరువులు కూడా ఉంటవి. ఫిరంగి గొట్టాన్ని రెండు ముక్కలు చేయలేము. గుడి దూలాన్ని నాలుగు ఎద్దులకు పంచలేము. అక్కడ బండి కావాలి. మన పల్లెలలోని రెండు చక్రాల ఎద్దుబండి చూడడానికి సామాన్యమైన వస్తువు. పరిశీలిస్తే అందులో తరతరాల తెలివి ఉన్నది. నడుమ కుండ, దానిలో నాటిన ఆకులు, ఆకుల కొనలను కలిపే పూటీలు, వాటిపై బిగించిన ఇనుపకమ్మి, చక్రం జారిపోకుండా ఇరుసు చివర కడసీల. రెండు చక్రాలు ఒకే ఇరుసుపై ఉన్నా దేనికది విడిగా తిరుగుతుంది. సందు మలుపులో ఎద్దులు కాడిని పక్కకు లాగగానే లోపలి చక్రం దాదాపు నిలిచిపోతుంది. వెలుపలి చక్రం దాని చుట్టూ తిరుగుతుంది. బండి నిలిచినచోటనే దిశ మారుతుంది. ఇరుకు దారికి ఇంతకన్న అనువైన వాహనాన్ని మనవారు వెదకవలసిన అవసరం కలుగలేదు.

అయినా పెద్ద బరువు పైకెత్తిన బండికి ఒరిగిపోయే ప్రమాదం ఉండనే ఉన్నది. దీనికి ఆనాటి వర్తకులు చేసిన ఏర్పాటును కూడా టావెర్నియే వర్ణించాడు. ఒక్కొక్క సరుకుబండికి పది, పన్నెండు ఎద్దులను పూన్చేవారు. బండికి నలుగురు భటులు తోడుగా నడిచేవారు, ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. బండిమీదుగా వేసిన మోకుల కొనలు వారి చేతులలో ఉండేవి. బండి ఒకవైపు ఒరిగితే రెండవవైపువారు మోకును బిగబట్టి నిలిపేవారు. ఎద్దులు లాగే పని చేస్తే మనుషులు నిలిపే పని చేశారన్నమాట. ఈ విభజనను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. పెద్ద బరువుల చరిత్ర అంతటా ఇదే మరల మరల కనబడుతుంది.

దీనికి మంచి ఉదాహరణ మన దేవాలయ రథం. కోనసీమలో గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట అంతర్వేది క్షేత్రం ఉన్నది. అక్కడి లక్ష్మీనరసింహస్వామి రథం సుమారు నలుబది అడుగుల ఎత్తయినది. 2020 సెప్టెంబరులో పాత టేకు రథం అగ్నికి ఆహుతి కాగా, కొత్త రథాన్ని నిర్మించి 2021 ఫిబ్రవరి ఉత్సవాలకు సిద్ధం చేశారు. ఇంత ఎత్తయిన వస్తువును తీరప్రాంతపు వీథిలో, వేలాది భక్తుల నడుమ, మోకులతో లాగుట సామాన్యం కాదు. ఏ ఊరి తేరునైనా చూడండి. ముందు మోకు పట్టినవారు వందలమంది ఉంటారు. వెనుక చక్రాల దగ్గర కొయ్యదిమ్మలు పట్టుకొని నిలిచేవారు కొద్దిమందే. కాని తేరు మలుపు తిరిగేది ఆ కొద్దిమంది నేర్పువల్లనే. ఏ చక్రం కింద ఎంత వాలుగా దిమ్మ వేయాలో, ఏ క్షణాన తీయాలో వారికి తెలుసు. తేరు దూకుడు మీద ఉన్నప్పుడు దానిని నిలుపగలిగేది కూడా వారే. మోకు పట్టుటకు భక్తి చాలును. దిమ్మ వేయుటకు నేర్పు కావాలి.

ఇక యంత్రయుగానికి వద్దాము. నైజాము రాష్ట్రంలో 1932లో రైల్వే శాఖ కింద రోడ్డు రవాణా విభాగం ఏర్పడినది. అప్పటికి దానికి ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. నేటి తెలంగాణ, ఆంధ్ర రోడ్డు రవాణా సంస్థల మూలం అక్కడనే ఉన్నది. 1942లో హైదరాబాదులో ఆల్విన్ లోహపరిశ్రమ స్థాపితమైనది. బస్సుల పైకట్టులు నిర్మించుటలో అది పేరుగాంచినది. ఆ సంస్థయే 1980వ దశకంలో జపాను దేశపు నిస్సాన్ కంపెనీతో కలిసి తేలికరకం సరుకు వాహనాల తయారీకి పూనుకున్నప్పుడు అందుకు ఎంచుకున్న చోటు జహీరాబాదు. తరువాత ఆ కర్మాగారం మహీంద్రా సంస్థ చేతికి వచ్చినది. 2013లో అదే సంస్థ అక్కడ ట్రాక్టర్ల కర్మాగారాన్ని కూడా తెరచినది. ఎద్దుల గుంపులు నడచిన నేలమీద ఎద్దుకు బదులు లాగే యంత్రాలు పుట్టుట చరిత్రలోని ఒక వింత.

ట్రాక్టరు వెనుక తగిలించిన ట్రైలరును చూచినప్పుడు అది కూడా ఎద్దుబండి వంటిదే అనిపిస్తుంది. కాని మలుపులో దాని నడక వేరు. లాగే వాహనపు చక్రాలు ఏ గీతమీద పోయినవో, వెనుక వచ్చే ట్రైలరు చక్రాలు ఆ గీతమీద పోవు. మలుపు లోపలి వైపునకు కోసుకొని పోతవి. ఎంత కోసుకొని పోతవో లెక్కకట్టవచ్చును. తగిలింపు కొక్కెం నుండి వెనుక ఇరుసు వరకు ఆరు మీటర్ల పొడవున్న ట్రైలరును ముప్పది మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో తిప్పితే, దాని చక్రాలు సుమారు 60 సెంటీమీటర్లు లోపలికి జరుగుతవి. ఇది పెద్ద ఇబ్బంది కాదు. అదే మలుపులో పన్నెండు మీటర్ల ట్రైలరును తిప్పితే రెండున్నర మీటర్లు జరుగుతవి. అంటే పొడవు రెండింతలైతే జరుగుడు నాలుగింతలవుతుంది. ట్రైలరు వెడల్పు రెండున్నర మీటర్లనుకుంటే, అది మలుపు తిరుగుటకు అయిదు మీటర్ల బాట కావాలి. ఒక్క వరుస రోడ్డు వెడల్పు మూడుముప్పావు మీటర్లే. మిగిలినది ఎక్కడనుండి వస్తుంది? ఒకవైపు కొండ, ఒకవైపు కడలి ఉన్న తీరపుదారిలో ఈ ప్రశ్న ప్రాణాంతకమవుతుంది. అందుచేతనే చాల పెద్ద ట్రైలర్లలో వెనుక చక్రాలను కూడా ముందు చక్రాలవలె తిప్పగలిగే ఏర్పాటు చేశారు. ఇది బండిని మార్చే సమాధానం.

బాటను, బండిని రెండింటినీ మార్చిన గొప్ప సందర్భం మన హుస్సేన్‌సాగర్ బుద్ధవిగ్రహం. నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, 1985లో ఆ పని ప్రారంభమైనది. భువనగిరి సమీపాన రాయగిరి కొండలో ఒక్క రాయిని ఎంచి, గణపతి స్థపతిగారి ఆధ్వర్యంలో శిల్పులు విగ్రహాన్ని మలచారు. ఎత్తు యాబది అడుగులకు పైమాట; బరువు సుమారు 320 టన్నులు. ఏకశిల గనుక పంచుటకు వీలులేదు. కనుక బండి మారినది: 192 చక్రాల ట్రైలరుపై విగ్రహాన్ని పరుండబెట్టారు. విగ్రహపు బరువును అన్ని చక్రాలకు పంచితే ఒక్కొక్కదానిపై రెండు టన్నులకు లోపే పడుతుంది. బాట బరువు మోయగలిగిన రహస్యం ఇదే. లంబాడీల పద్ధతికి, దీనికి మూలసూత్రం ఒక్కటేనని శ్రోతలు గ్రహించే ఉంటారు. అక్కడ బరువును ఎద్దులకు పంచారు. ఇక్కడ చక్రాలకు పంచారు. బాట కూడా మారినది: విగ్రహం రాకకు వీలుగా నగరంలోని రోడ్లను వెడల్పు చేశారు. 1988 నవంబరులో సుమారు 60 కిలోమీటర్ల ప్రయాణం ముగించి విగ్రహం చెరువుగట్టును చేరుకున్నది.

ఆ గట్టు పదహారవ శతాబ్దంలో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టినది. రాయి గట్టు చేరిన తరువాత మిగిలినది చెరువు నడుమనున్న పీఠం వరకు నీటిమీది ప్రయాణం. నేలమీద 60 కిలోమీటర్లు క్షేమంగా వచ్చిన విగ్రహం నీటిమీద పీఠం వరకు పోలేకపోయినది. 1990 మార్చి 10న దానిని మోస్తున్న బల్లకట్టు ఒరిగి విగ్రహం చెరువులో మునిగినది. ఆ ప్రమాదంలో పలువురు పనివారు ప్రాణాలు కోల్పోయారు. రెండు సంవత్సరాలకు పైగా నీటి అడుగున ఉన్న విగ్రహాన్ని తిరిగి పైకితీసి, 1992 డిసెంబరు 1న పీఠంపై నిలిపారు. ఈనాడు సాయంకాలం ఆ గట్టున నడిచేవారు విగ్రహం యొక్క ప్రశాంతతను చూచి ఆనందిస్తారు. దానిని అక్కడికి చేర్చుటలో మరణించినవారిని కూడా తలచుకొనుట మన ధర్మం. నేలమీద ఒరుగుట ఆరంభమైతే మోకు పట్టి ఆపవచ్చు, దిమ్మ వేసి ఆపవచ్చు. నీటిమీద మోకు పట్టి నిలుచుటకు పట్టు దొరకదు. దిమ్మ వేయుటకు నేల దొరకదు.

ఇప్పుడు సముద్రతీరానికి పోదాము. విశాఖపట్నంలో రామకృష్ణా సముద్రతీరాన రెండు భారీ వస్తువులు ప్రదర్శనశాలలుగా ఉన్నవి. అవి అక్కడికి చేరిన తీరు మన మూడు సమాధానాలకు చక్కని వ్యాఖ్యానం. ఒకటి కురుసురా జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవ చాలించినది. పొడవు 91 మీటర్లు. అంత పొడవైన వస్తువును నగరపు మలుపులలో తిప్పుట కల్లోనిమాట. దానికి తగిన బాట సముద్రమే. అందుచేత దానిని నీటి దారినే తెచ్చి, ఇసుకమీదికి లాగి, 2002 ఆగస్టులో ప్రజలకు చూపించారు. రెండవది టీయూ 142 విమానం. 29 సంవత్సరాలు సేవచేసి 2017 మార్చిలో విశ్రాంతి పొందినది. దాని రెక్కల విస్తీర్ణం ఈ కొన నుండి ఆ కొనకు 50 మీటర్లు. ఆకాశంలో అది ఇరుకు కాదు, రోడ్డుమీద అసాధ్యం. కనుక దానిని విడదీసి, భాగాలుగా రోడ్డుమీద తీరానికి చేర్చి, మరల కూర్చారు. 2017 డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఆ ప్రదర్శనశాలను ప్రారంభించారు. బరువును పంచుట అనే లంబాడీ సూత్రమే, నాలుగు వందల సంవత్సరాల తరువాత, యుద్ధవిమానానికి కూడా పనికివచ్చినది.

ఈ ఘనకార్యాలకు దేశమంతా చూస్తుంది. ముందు పోలీసు వాహనాలు నడుస్తవి. ఇంజనీర్లు లెక్కలు వేస్తారు. కాని పెద్ద బరువును ఇరుకు దారిలో లాగే పని ఏటేటా, ఏ ఆర్భాటమూ లేకుండా, జహీరాబాదు పల్లెలలో జరుగుతుంది. ఆ సీమ చెరకుపంటకు ప్రసిద్ధి. సమీపాన కొత్తూరులో చక్కెర కర్మాగారం వెలసిన తరువాత చెరకుసాగు విస్తరించినది. ఆ కర్మాగారం గానుగ ఆడని సంవత్సరాలలో రైతులు పంటను మరింత దూరానికి పంపుకొనవలసి వచ్చినది. కోసిన చెరకు ఎండిన కొద్దీ తూకం తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. అందుచేత రైతుకు తొందర. కూలి, కిరాయి కలిసివచ్చుటకు ఒక్క బండిలో ఎంత పడితే అంత ఎక్కించాలని ఆశ. ఒక ట్రాక్టరుకు రెండు ట్రైలర్లు తగిలించి, చెరకు ఇరువైపులా పక్కలు దాటి వేలాడగా, చీకటి దారిలో సాగిపోయే బండ్లను శ్రోతలలో అనేకులు చూచే ఉంటారు.

ఇక్కడ మన పూర్వుల విభజనను జ్ఞప్తికి తెచ్చుకుందాము. లాగే పని ఎవరిది, నిలిపే పని ఎవరిది? లాగే పనిని ట్రాక్టరు సునాయాసంగా చేస్తుంది. కాని మన పొలాలలో తిరిగే ట్రైలర్లలో చాలవాటికి సొంత బ్రేకులు లేవు. ట్రాక్టరు బ్రేకు నొక్కినప్పుడు వెనుకనున్న బరువంతా దానిని ముందుకు నెడుతుంది. వాలులోనో, మలుపులోనో ఈ నెట్టుడు పక్కవాటుగా పడితే ట్రాక్టరు, ట్రైలరు రెండూ మడతపడి బోల్తాకొట్టే ప్రమాదం ఉన్నది. దిగుడు వచ్చినప్పుడు మన ఎద్దుబండివాడు నొగలు దిగి, ఎద్దుల ముందు నిలిచి, కాడిని వెనుకకు నెడుతూ నడిచేవాడు. టావెర్నియే చూచిన భటులు మోకు పట్టేవారు. తేరు వెనుక దిమ్మలవాడు ఉన్నాడు. యంత్రం వచ్చి లాగే బలాన్ని పదింతలు చేసినది; నిలిపేవాని స్థానాన్ని మాత్రం ఖాళీగా వదిలినది.

ఆ ఖాళీని నింపుటకు పెద్ద ఖర్చు అక్కరలేదు. ట్రైలరుకు వేరుగా బ్రేకు అమర్చుట, వెనుక ఎర్రదీపమో, వెలుతురు పడితే మెరిసే పట్టీయో అతికించుట, పక్కలు దాటి చెరకు ఎక్కించకుండుట, మలుపు ముందర వేగం తగ్గించి బాట వెలుపలి అంచు పట్టుకొని తిరుగుట, రెండవ ట్రైలరును ఇంటివద్దనే విడిచిపెట్టుట. ఇవన్నీ తెలియనివి కావు. పూనా రహదారిని జహీరాబాదు ప్రాంతంలో నాలుగు వరుసలుగా విస్తరించిన తరువాత వేగం పెరిగినది. గంటకు నూరు కిలోమీటర్ల వేగాన వచ్చే కారుకు, గంటకు పదిహేను కిలోమీటర్లతో సాగే దీపంలేని చెరకుబండి చీకటిలో అడ్డుగోడతో సమానం. బాట మారినంత మాత్రాన చాలదు. బండి, బరువు కూడా దానికి తగినట్లు మారవలెను.

జహీరాబాదు సమీపాన పస్తాపూరు గ్రామం కేంద్రంగా దక్కన్ అభివృద్ధి సంఘం పనిచేస్తున్నది. సుమారు పాతిక సంవత్సరాలుగా ఆ సంఘపు మహిళలు సంక్రాంతి మొదలుకొని పాత పంటల జాతర జరుపుతున్నారు. జొన్న, కొర్ర, సామ మొదలైన గింజలతో అలంకరించిన ఎద్దుబండ్లు వరుసగా ఊరూరా తిరుగుతవి. విత్తనాలను కాపాడుకొనుటకై ఏర్పడిన ఉత్సవమిది. కాని బండ్ల చరిత్ర తెలిసినవారికి అందులో మరొక సంగతి కూడా కనబడుతుంది. ఆ బండ్లు దారి కోరినంత వెడల్పే ఉంటవి, ఎద్దులు నిలుపగలిగినంత బరువే మోస్తవి, ఎదుటివారు దాటిపోయే వరకు పక్కన ఆగుతవి. ట్రాక్టరును విడిచి ఎద్దుబండికి మరలుదామని ఎవరూ అనరు. ఆ కాలం గడచిపోయినది. అయినా బరువు ఎత్తేముందు దానిని నిలిపేదెవరని అడిగే అలవాటు ఆ కాలానిది. దానిని విడువవలసిన అవసరం మనకు లేదు. చెరకుబండి తోలుకొని రాత్రివేళ బయలుదేరిన మనిషి తెల్లవారేసరికి క్షేమంగా ఇల్లు చేరుట ఆ అలవాటు మీదనే ఆధారపడి ఉన్నది.